కాఫీ కూజాల లెక్క

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరూ అదే మాట అంటారు, నేను కాదనను. కానీ ఆ కోపమే లేకపోతే ఒమాన్‌లో, ఖబూరాకి పది పన్నెండు మైళ్ల దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్లో క్లినిక్ తలుపులు మూతపడి ఉండేవి. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటారేమో, అనుకోండి. గొప్పే మరి. డెబ్బై ఏళ్లు దాటాక కూడా చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకుంటాను?

అవి డెబ్బైల నడిమి రోజులు. క్లినిక్ అంటే రెండు సిమెంటు గదులు, ఒక కిరసనాయిలు ఫ్రిజ్, నేను. వారానికి ఒకసారి ఖబూరా నుంచి డాక్టరు గారు జీపులో వచ్చి వెళ్లేవారు. మిగతా ఆరు రోజులూ డ్యూటీ నాదే, కట్లు నావే, సూదులు నావే, పురుళ్లు నావే. క్లినిక్ వెనక నాకొక రూమ్ ఇచ్చారు. మా ఆయన, నాలుగేళ్ల పాప మాత్రం కృష్ణా జిల్లాలో మా ఊళ్లోనే ఉన్నారు. ఆయన ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆ జీతంతో ఇద్దరు ఆడపడుచుల చదువులు, మా అమ్మ మందులు గడవవని తేలాక, మిషన్ ఆసుపత్రిలో నాతో పనిచేసిన ఇద్దరు వెళ్తుంటే నేనూ దరఖాస్తు పెట్టాను. చర్చిలో అందరూ ప్రార్థన చేసి పంపించారు, బయటికొచ్చాక చెవులు కొరుక్కున్నారు.

నేనిక్కడ, మొగుడూ పిల్లా అక్కడ అని తెలిశాక ఆ ఊరి ఆడవాళ్లు నన్ను వదిలిపెట్టలేదు. ఎందుకంటే వాళ్ల సంసారాలు సరిగ్గా దీనికి తలకిందులు. ఆ తీరమంతా మగవాళ్లు వెళ్లిపోయిన ఊళ్లే. కొందరు అబూధాబీ, కొందరు కువైట్, కొందరు సైన్యంలో. ముసలివాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు ఇక్కడ. మనుషులు అటు వెళ్లారు, డబ్బు ఇటు వచ్చింది. ఆ డబ్బుతోనే ఎద్దులతో తోడే బావుల మీదికి డీజిలు పంపులు వచ్చాయి, గుడిసెల్లోకి ట్రాన్సిస్టర్లు, కుట్టు మిషన్లు వచ్చాయి. తోటలో చెయ్యడానికి సొంత మగమనిషి లేడు కాబట్టి మా దేశం నుంచి పనివాళ్లు వచ్చారు. ఒకరు ఖాళీ చేసిన చోట ఇంకొకరు.

"అయితే నీ మొగుడే వంట చేసుకుంటాడా?" అని అడిగేది నా పక్కింటి పెద్దావిడ, రోజుకొకసారి.

"చేసుకుంటాడు."

"పిల్లకి జడ వేస్తాడా?"

"వేస్తాడు. వంకరగా వేస్తాడు."

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వేది. ఆవిడ కోడలు ముసుగు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. కొడుకు అబూధాబీలో రోడ్డు పనుల కంపెనీలో ఉన్నాడు, ఏడాదికి ఒకసారి నెల రోజులు వస్తాడు. ఇద్దరు పిల్లలు. కోడలు అప్పుడు మూడోసారి కాదు, నాలుగోసారి కడుపుతో ఉంది. క్లినిక్ రాకముందు మూడో బిడ్డని ఖబూరా తీసుకెళ్తుంటే ఇసుక దారిలో, పికప్పు వెనక, కనేసింది. బిడ్డ దక్కలేదు. ఆ పిల్ల ఆ మాట నాతో ఒకే ఒక్కసారి చెప్పింది. చెప్పి, "ఈసారి నువ్వున్నావు కదా" అంది. నేను ఉన్నానన్నాను.

అలా అన్న నెలకే వచ్చింది కబురు. క్లినిక్ ఎత్తేస్తారట.

జరిగింది ఇది. ఏ ఊళ్లో ఎంతమంది ఉన్నారో చూసి, జనం ఉన్నచోట క్లినిక్కులు, బళ్లు ఉంచాలని పై ఆఫీసులో అనుకున్నారు. అనుకోవడం బాగానే ఉంది. ఒక ఆఫీసరు గారు జీపులో వచ్చి మా ఊరి సముద్రం ఒడ్డు వెంట నడిపించుకుంటూ పోయాడు. ఎప్పుడు వచ్చాడు? నడి వేసవిలో. ఆ ఊరి పద్ధతి ఏమిటంటే, ఎండలు ముదరగానే ఒడ్డునున్న ఇళ్లు వదిలేసి, గంట నడక దూరంలో లోపల ఉన్న ఖర్జూరం తోటల్లోకి కాపురం మార్చేస్తారు. చాప, కూజా, మేక, కోడి, పసిపిల్ల అన్నీ గాడిద మీద కట్టేసుకుని పోతారు. ఖర్జూరాలు కోసి, ఎండబెట్టి, మూడు నెలలకి గాని తిరిగి రారు. నేను కూడా ఆ మూడు నెలలూ పొద్దున్నే సంచి భుజాన వేసుకుని తోటల్లోకి నడిచేదాన్ని. ఆయన ఒడ్డున చూశాడు, ఖర్జూరపు మట్టల ఇళ్లన్నీ తాళ్లతో కట్టేసి ఉన్నాయి. ఫారం మీద 'మూత', 'మూత', 'మూత' అని రాసుకుని వెళ్లిపోయాడు.

డాక్టరు గారు ఆ వారం వచ్చినప్పుడు నెమ్మదిగా చెప్పారు. "సిస్టర్, ఈ ఊళ్లో జనం లేరని రిపోర్టు వెళ్లింది. ఇంకో పదిహేను రోజుల్లో ఆఫీసరు మళ్లీ వచ్చి ఖాయం చేసుకుంటాడట. తర్వాత మిమ్మల్ని ఖబూరా ఆసుపత్రికి మారుస్తారు. అక్కడ రూములో ఫ్యాను కూడా ఉంటుంది."

ఫ్యాను సంగతి ఎత్తేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. "జనం లేకపోతే నిన్న నేను ముప్పై మందికి మందులు ఎవరికిచ్చానండీ, గాడిదలకా?" అన్నాను. ఆయన మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నారు. "నాతో కాదు, ఆయనతో అనండి. కానీ మాటలు కాదు, లెక్క కావాలి" అన్నారు.

ఈ కందకు లేని దురద నీకెందుకు అని మీరనొచ్చు. నాకు ఆ దురద చిన్నప్పటి నుంచీ ఉంది. మా పేటలో సగం మంది నాట్లకీ కోతలకీ డెల్టాలోకి వలస పోయేవాళ్లు. మా అమ్మా పోయేది, నన్ను చంకన వేసుకుని. ఒక ఏడు మేం కోతల్లో ఉండగా ఎవరో వచ్చి పేటలో ఇళ్లు రాసుకుపోయారట. తలుపులు వేసి ఉన్నాయి కాబట్టి మనుషుల్లేరని రాశారు. మాకు రావాల్సిన బోరింగు పక్క ఊరికి పోయింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మా అమ్మ మైలు దూరం నుంచి నీళ్లు మోసింది. తిట్టడానికి కూడా మనిషి దొరకలేదు, రాసుకున్నవాడు ఎవడో ఎవరికీ తెలీదు. ఇక్కడ మాత్రం మనిషి మళ్లీ వస్తానంటున్నాడు. ఇంతకంటే అవకాశం ఏం కావాలి?

లెక్క కావాలన్నారు కదా, లెక్కే ఇద్దామనుకున్నాను. తోటలన్నీ తెలిసిన మనిషి ఒకాయన ఉన్నాడు. కరీంనగర్ వైపు ఆయన, నలభై ఏళ్లుంటాయి, అర్బాబు, అంటే యజమాని, సైన్యంలో ఉంటే ఆయన తోటలో పని. పంపు చెడితే ఊళ్లో అందరూ ఆయన్నే పిలుస్తారు. అందుచేత ఆయన వెళ్లని తోట లేదు. నన్ను 'సిస్టరమ్మా' అంటాడు, నేను 'అన్నా' అంటాను. మధ్యాహ్నం తేలు కుట్టిన వేలు చూపించుకోవడానికి వస్తే, కట్టు కడుతూనే పని చెప్పాను.

"అన్నా, ప్రతి తోటకీ వెళ్లి ఎన్ని గడపలున్నాయో లెక్కపెట్టుకు రా."

"గంతేనా? రెండు దినాలల్ల తెస్త" అన్నాడు.

తెచ్చాడు కూడా. సిగరెట్టు అట్టల వెనక గీతలు గీసుకుని, అయిదేసి గీతలకి ఒక అడ్డగీత కొట్టి, అంత శుభ్రంగా తెచ్చాడు. నేను ఆ లెక్కని ఇంగ్లీషులో తెల్ల కాగితం మీద ఎత్తి రాసి, కింద సంతకం పెట్టి, డాక్టరు గారి చేత ఆఫీసుకి పంపించాను. ఆ రాత్రి నాకు ఎంత సంతోషమంటే, ఒక్కదాన్నే అయినా పాయసం కాచుకుని తిన్నాను.

వారం తిరిగేసరికి కాగితం తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం, అంతే. డాక్టరు గారు మొహమాటపడుతూ చెప్పారు. "మీ లెక్క ప్రకారం మీ ఊరు ఖబూరా కంటే పెద్దది, సిస్టర్. ఆఫీసులో అందరికీ చూపించి నవ్వుకున్నారట. మీరు కావాలని పెంచి రాశారని ఆయన అనుకుంటున్నాడు."

నా మొహం మాడిపోయింది. సాయంత్రం మా అన్నని పిలిపించి కడిగేశాను.

"నాదేం తప్పు, సిస్టరమ్మా? గడపలు లెక్కబెట్టుమన్నవు, లెక్కబెట్టిన" అన్నాడు.

"ఏ గడపలు లెక్కపెట్టావు?"

"మనిషి వంగి లోపలికి వోయే జాగ ఎక్కడున్నా గీత గొట్టిన. పండే గుడిసె ఒకటి, వండే గుడిసె ఒకటి, చుట్టాలు గూసునే పందిరి ఒకటి. ఖర్జూరాలు పెట్టుకునేది ఒకటి. మేకలది గూడ..." ఇక్కడికి వచ్చేసరికి ఆయనకే అర్థమైంది. "మేకలది గొట్టకుంటే అయ్యేదేమో" అన్నాడు, కట్టు కట్టిన వేలు చూసుకుంటూ.

కోపం ఎంతసేపు ఆపుకోగలను? నవ్వు వచ్చేసింది. తప్పు ఆయనది కాదు, నాది. మన ఊళ్లలో 'మా పేట అరవై గడప' అంటాం, అరవై కుటుంబాలని అర్థం. ఒక ఇంటికి ఒక గడప, దానికి పసుపు రాసినా రాయకపోయినా. అక్కడి మట్టల ఇళ్లకి అసలు గడపే ఉండదు, ఒక్కో కుటుంబానికి నాలుగైదు గుడిసెలు. మన కొలపాత్ర తీసుకెళ్లి వాళ్ల గింజలు కొలిచాం. ఊరికి మేలు చేద్దామని పోయి ఊరి మాట చెల్లకుండా చేశాను. ఇప్పుడు ఆఫీసరు ఒడ్డున తిరిగినా తోటల్లో తిరిగినా, నేను చెప్పేదేదీ నమ్మడు. ఆ కోడలికి ఎనిమిదో నెల నడుస్తోంది.

తెల్లారి తోటకి వెళ్లి, పెద్దావిడ దగ్గర చాప మీద కూలబడి, జరిగిందంతా నాకు వచ్చిన అరకొర అరబ్బీలో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నా చేతిలో చిన్న ఫింజాను కప్పు పెట్టి, ఏలకుల కాఫీ అడుగున రెండు గుక్కలంత పోసి, చెప్పింది.

"తలుపులు లెక్కపెడితే మేకలు కూడా మనుషులవుతాయి. కాఫీ ఎక్కడ కాస్తారో అది ఇల్లు. నా రెండో కొడుకు పెళ్లాం అదిగో ఆ చెట్ల అవతల కాస్తుంది. అది వేరే ఇల్లు. నా చెల్లెలు నా కాఫీ తాగుతుంది, నా దగ్గర పడుకోకపోయినా అది నా ఇల్లే."

నాకు నెత్తిన మొట్టికాయ వేసినట్టయింది. మన దగ్గర మాత్రం అంతే కదా? అన్నదమ్ములు వేరు పడ్డారంటే ఏమిటి అర్థం, పొయ్యి వేరయిందనేగా. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలుంటే రెండు కాపురాలు. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసి కూడా పరాయి దేశం వచ్చేసరికి గడపల వెంట పడ్డాను.

"కానీ అమ్మా, నేను మళ్లీ కాగితం రాస్తే ఆయన నమ్మడు."

"కాగితం ఎందుకు? మనిషిని తీసుకురా. మిగతాది మాకు వదిలెయ్" అంది పెద్దావిడ.

ఆఫీసరు వస్తానన్న రోజున నేను పొద్దున అయిదింటికే రోడ్డు మీద నిలబడ్డాను. జీపు వచ్చింది. ఆయన వేరే అరబ్బు దేశం మనిషి, యాభై ఏళ్లుంటాయి, సన్నగా, నీటుగా, చేతిలో అట్టకి బిగించిన ఫారాలు. ఇంగ్లీషు బాగా వచ్చు. నన్ను చూడగానే, "గొప్ప నగరం కట్టిన నర్సు నువ్వేనా?" అన్నాడు.

"నేనే. మేకలతో సహా" అన్నాను.

ఆయన మొహంలో నవ్వు వచ్చి పోయింది. తప్పు ఒప్పేసుకున్నాను, గడపల కథ చెప్పాను, కాఫీ కూజాల కథ కూడా చెప్పాను. ఒక్క రోజు నాతో నడిస్తే ఆ తర్వాత ఏం రాసుకున్నా నోరెత్తనని మాట ఇచ్చాను. నోరెత్తనని నేను మాట ఇవ్వడం అదే మొదలు, అదే ఆఖరు. జీపు తోటల్లోకి పోదు. ఆయన బూట్లు చూసుకుని, ఎండ చూసి, సరే పద అన్నాడు. మా కరీంనగర్ అన్న ముందు నడిచాడు, కాలవలు దాటించడానికి.

మొదటి మజిలీ పెద్దావిడ దగ్గరే. చాప పరిచి ఉంది, పళ్లెంలో కొత్త ఖర్జూరాలు, నిప్పుల మీద కూజా. ఆయన కూర్చున్నాడు, కాఫీ తాగాడు, ఫింజాను ఊపాడు, అంటే ఇక చాలని. ఫారం తీశాడు.

"ఇంటి పెద్ద?"

"నా కొడుకు" అంది పెద్దావిడ.

"ఎక్కడ?"

"అబూధాబీ."

"ఎన్నాళ్లయింది?"

"ఏడు నెలలు."

ఆయన పెన్సిలు 'పెద్ద గైరుహాజరు, ఇల్లు మూత' అనే గడి దగ్గరికి పోయింది. నేను ఇచ్చిన మాట అక్కడికక్కడే తప్పాను. ఆ ఫారం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"అదేంటండీ? మీరు ఎవరింట్లో కూర్చుని కాఫీ తాగారు? ఇల్లు మూతపడితే ఈ కాఫీ ఎవరు కాశారు?"

"సిస్టర్, రూలు అలా ఉంది. పెద్ద ఆరు నెలలు లేకపోతే..."

ఆయన మాట పూర్తి కాకముందే పెద్దావిడ అందుకుంది. నేను ఇంగ్లీషులో ఏమన్నానో ఆవిడకి తెలీదు, ఆయన మొహం చూసి అర్థం చేసుకుంది.

"అయ్యా, నా కొడుకు అక్కడ ఒక గదిలో పన్నెండు మందితో పడుకుంటాడు. కాఫీ కూడా కంపెనీ పోస్తే తాగుతాడు. అక్కడ వాడు ఏ ఇంటికి పెద్ద? వాడు పంపింది వచ్చేది నా చేతికి. పంపుకి నూనె పోయించేది నేను. ఈ చెట్టు ఈ ఏడు కొయ్యాలా వద్దా చెప్పేది నేను. ఈ పిల్లలు జ్వరంతో మూలిగితే ఈ సిస్టరు దగ్గరికి ఎత్తుకుపోయేది నేను. వాడు అక్కడా లేడు, ఇక్కడా లేడని నువ్వు రాస్తే, వాడు పంపే డబ్బు ఎక్కడికి వస్తోంది, గాలిలోకా?"

ఆయన పెన్సిలు వెనక్కి తీశాడు. తర్వాత నాతో, నెమ్మదిగా, "నేను ఇల్లు వదిలి ఏడేళ్లయింది. నా భార్య కూడా ఇలాగే మాట్లాడుతుంది" అన్నాడు. 'ఇంటి పెద్ద' అన్నచోట పెద్దావిడని రాశాడు. ఆడమనిషి అని రాశాడు. హాజరు అని రాశాడు. ఇంట్లో మనుషులు: నలుగురు. ఆవిడ, కోడలు, ఇద్దరు పిల్లలు. కాలవ అవతల గుడిసెలో పడుకునే చెల్లెలి సంగతి అడిగితే, ఆవిడ ఆ నెల ఖబూరాలో కూతురింట్లో ఉందని పెద్దావిడే చెప్పింది, "అక్కడ రాసుకో, ఇక్కడ వద్దు" అని. ఆ ఒక్క మాటతో ఆయనకి మా మీద నమ్మకం కుదిరిందని నాకనిపించింది.

ఇక అక్కడి నుంచి చూడాలి ఆయన అవస్థ. కాఫీ కాసిన చోటల్లా ఇల్లు అని ఒప్పుకున్నాక, కాఫీ తాగకుండా ఇల్లు రాయడం కుదరదు కదా. వద్దంటే అది ఇంటివాళ్లకి అవమానం. పెద్దావిడ ముందురోజే తోట తోటకీ కబురు పెట్టింది, తాగకుండా ఒక్కరూ వదలొద్దని. ఖర్జూరం చెట్ల కింద ఒక చాప, దాటగానే ఇంకో చాప. మంచం పట్టిన ఒక అవ్వ తన చేత్తో పోస్తానని పట్టుబట్టింది, చెయ్యి వణికి సగం ఆయన ప్యాంటు మీద పడింది. ఒకచోట ఇద్దరు తోడికోడళ్లవి వేరు వేరు కూజాలు, పైగా పోట్లాడుకుని ఆ పూట మాటల్లేవు. ఆయన అక్కడ రెండు ఇళ్లు రాసుకుంటే ఇద్దరూ ఒకేసారి తలూపారు. ఇరవయ్యో ఇంటికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "సార్‌కి గుండె దడదడ కొట్టుకుంటున్నదేమో, సిస్టరమ్మా" అన్నాడు మా అన్న, తెలుగులో, చాలా మర్యాదగా మొహం పెట్టి. ఆయన నన్ను అడిగాడు, ఏమంటున్నాడని. మీ ఓపిక మెచ్చుకుంటున్నాడని చెప్పాను.

ఒక్కచోట కూడా అబద్ధం రాయించలేదు. ఒక గుడిసె దగ్గర కూజా బోర్లించి ఉంది, ఆ కుటుంబం నిజంగానే మస్కట్ వెళ్లిపోయింది. "ఇది మూత" అని నేనే చెప్పాను. ఆయన తలెత్తి నా వంక చూశాడు, రాసుకున్నాడు. ప్రతిచోటా అదే ప్రశ్న, అదే జవాబు. మొగుడు? కువైట్. కొడుకు? సైన్యం. మరి పెద్ద? మొదట్లో వాళ్లు సిగ్గుపడ్డారు. పది ఇళ్లు దాటేసరికి మా కంటే ముందే కబురు పాకిపోయింది. మేం చాప మీద కూర్చోకముందే, ముసుగు లోపల నుంచి, "ఇంటి పెద్ద నేనే, రాసుకోండి" అని వినిపించేది. ఇరవై ఏళ్ల పిల్ల ఒకత్తి, ఒళ్లో చంటిది, ఆ మాట అని తనే ఫక్కున నవ్వేసింది. నా జన్మలో అంత ఆనందంగా నేను ఎప్పుడూ నడవలేదు. కాళ్లు బొబ్బలెక్కాయి, ఒక్క బొబ్బ కూడా తెలియలేదు.

సాయంత్రం అసరు నమాజు వేళకి మళ్లీ క్లినిక్కి చేరాం. ఆయన నా బెంచీ మీద కూలబడి, లెక్క కూడాడు, మళ్లీ కూడాడు. "ఇది ఊరే" అన్నాడు. "క్లినిక్ ఇక్కడే ఉండాలని రాస్తాను. నా మాట తీసెయ్యరు."

నేను థ్యాంక్స్ చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపాడు. "ఇంకో ఇల్లు ఉంది. ఈ వెనక రూములో ఎవరుంటారు?"

"నేను."

"ఇంకెవరు?"

"ఇంకెవరూ లేరు."

"కాఫీ కాచుకుంటావా?"

"టీ" అన్నాను.

"సరిపోతుంది. ఇంటి పెద్ద?"

పొద్దుట్నుంచీ అంతమంది చేత చెప్పించినదాన్ని, నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. మా ఊళ్లో ఎవరైనా ఇళ్లు రాసుకోవడానికి వస్తే, నా గురించి ఏం రాసుకుంటారు? గైరుహాజరు. మా ఆయన పెద్ద, పాప ఒకటి, నేను లేను. ఆ క్షణాన మా పాప వంకర జడ కళ్ల ముందు కనిపించింది. కానీ ఆ రూము నేను ఊడ్చేదే, ఆ పొయ్యి నేను వెలిగించేదే, అక్కడి నుంచి వెళ్లిన జీతం మీదే ఇంటి దగ్గర ఇద్దరి చదువులు, ఒకరి మందులు నడుస్తున్నాయి. "నేనే" అన్నాను. పెద్దగా అన్నాను. ఆయన రాశాడు, నర్సు, హాజరు. గుమ్మం దగ్గర నిలబడ్డ మా అన్న, "గట్ల జెప్పు, సిస్టరమ్మా" అన్నాడు.

ఆయన ఆ ఫారాల కార్బను కాపీ ఒకటి నా దగ్గర ఉంచాడు, ఇది ప్రభుత్వ కాగితం, దీని మీద ఎవరూ పెన్ను పెట్టకూడదని మరీ మరీ చెప్పి. నెల తిరిగేసరికి డాక్టరు గారు ఉత్తరం తెచ్చారు. క్లినిక్ ఉంటుంది. పురుళ్లకని ఒక మంచం, ఒక తెర కూడా పంపుతున్నారు. ఆ సాయంత్రం తోటల్లోంచి ఆడవాళ్లు గంపలతో వచ్చారు. అన్ని ఖర్జూరాలు నేనేం చేసుకోను? డాక్టరు గారి జీపులో సగం ఖబూరా ఆసుపత్రికి పంపించాను, అక్కడి ఫ్యాను కింద కూర్చుని తినమని.

మంచం వచ్చిన తొమ్మిదో రోజు, మధ్యాహ్నం ఎండలో, పెద్దావిడ కోడలు గాడిద మీద వచ్చింది. పికప్పు లేదు, ఇసుక దారి లేదు. తెర లాగాను. రెండు గంటలు పట్టింది. అడ్డం తిరిగిన బిడ్డ కాదు గాని, మెడకి పేగు చుట్టుకుంది, తప్పించాను. అదే ఏ పికప్పు వెనకో అయితే ఏమయ్యేదో నాకు తెలుసు, ఆ పిల్లకీ తెలుసు, ఇద్దరం పైకి అనుకోలేదు. ఆడపిల్ల. అరుపు బయటి దాకా వినిపించింది, పెద్దావిడ బయటి నుంచి దేవుడి పేరు తలుచుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

తల్లినీ బిడ్డనీ శుభ్రం చేసి పడుకోబెట్టాక చేతులు కడుక్కుని బీరువా తీశాను. కార్బను కాపీ బయటికి తీసి, మొదటి ఫారం వెతికి, 'ఇంట్లో మనుషులు' అన్నచోట నాలుగు కొట్టేసి, పెన్నుతో, అయిదు అని రాశాను.